నాన్న రివాల్వర్ అమ్మేసుకున్నాను, తిరిగి దక్కే దారి ఉందా?

మిర్యాల_మిల్లు
ముందే చెబుతున్నాను, తిట్టదలచినవాళ్లు తిట్టండి. తప్పు నాదే.

మాది మిర్యాలగూడ. నాన్నకు రైస్ మిల్లు ఉండేది. ధాన్యం వచ్చే రోజుల్లో బ్యాంకు నుంచి నగదు గోనెసంచిలో వేసుకుని రిక్షాలో వచ్చేవారు. అందుకని 1978లో లైసెన్స్ తీసుకున్నారు. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ఒక పెద్దమనిషి దగ్గర ఇంగ్లండ్ కంపెనీ వెబ్లీ అండ్ స్కాట్ చేసిన .32 రివాల్వర్ కొన్నారు, పాతదే, ఆరున్నర వేలకు. ఉన్నన్నాళ్లూ దాన్ని ఒక్కసారి కూడా మనిషి మీదికి ఎత్తలేదు. దసరా రోజు మాత్రం బీరువాలోంచి బయటికి తీసి, నూనె గుడ్డతో తుడిచి, మిల్లు తాళాల గుత్తి పక్కన పీట మీద పెట్టేవారు. అమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టేది. జమ్మి ఆకు దాని మీద ఉంచి దండం పెట్టుకున్నాకే మాకు భోజనం.

నాన్న 2014లో పోయారు. వారసుడిగా అది నా లైసెన్స్ మీదికి వచ్చింది. అప్పటికే నాకు సొంతంగా కాన్పూర్‌లో చేసిన .32 రివాల్వర్ ఉంది. తాత నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ కూడా నా పేరు మీదే ఉంది. మొత్తం మూడు. 2019 చివర్లో చట్టం మారి ఒకరికి రెండే అన్నారు. ఏడాది లోపల మూడోది వదిలించుకోవాలి. కరోనా రోజులు, మిల్లు మూత, బుర్ర పని చేయడం లేదు. గన్ హౌస్ వాడు వెబ్లీ చూసి, పాత సరుకు, విడిభాగాలు దొరకవు, తూటాను పేల్చే సుత్తి వదులైంది అన్నాడు. లక్షా ఇరవై వేలకు ఇచ్చేశాను. నాన్నది అమ్మి నాది ఉంచుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

మొన్న దసరాకు కాన్పూర్‌ది పీట మీద పెట్టాను. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. తాళాలకు పెట్టింది, కత్తిపీటకు పెట్టింది, నా బండికి పెట్టింది. దాన్ని దాటి వెళ్లిపోయింది. మరచిపోయావు అన్నాను. "మరచిపోలేదు" అంది.

దాన్ని తిరిగి తెచ్చుకోవచ్చా? ఎవరి దగ్గర ఉందో కూడా తెలియదు.

బత్తాయి_తోట
తిట్టను గానీ ఒకటి అడుగుతాను. డబుల్ బ్యారెల్ ఎందుకు వదలలేదు? మిల్లులో దానితో ఏం పని?

మిర్యాల_మిల్లు
అది తాతది. నిడమనూరు దగ్గర తోట ఉండేది మాకు. అడవి పందులు దిగినప్పుడు గాలిలోకి పేల్చేవాడు. ఇప్పుడు తోటా లేదు, పందులు మాత్రం ఉన్నాయి.

దేవరకొండ_ఖిల్లా
లక్షా ఇరవై వేలా! అసలు వెబ్లీని! అన్నా, గన్ హౌస్ వాడు ఆ రాత్రి పాయసం వండించుకుని ఉంటాడు.

పాలమూరు_బాటసారి
1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి ఆపేశాక, దేశంలో ఉన్న పాత విదేశీ సరుకే చేతులు మారుతోంది. కొత్తది రాదు, పాతది తరగదు, ధర పెరగక ఏం చేస్తుంది. "విడిభాగాలు దొరకవు" అన్నది కొనేటప్పుడు చెప్పే మాట. అమ్మేటప్పుడు అదే నోటితో "బర్మింగ్‌హామ్ సరుకు, ఇక రాదు" అంటారు.

సాగర్_ఎడమకాలువ
మా మామయ్య 1996లో రాజ్‌దూత్ అమ్మి ఇప్పటికీ ఏడుస్తున్నాడు. కొన్నవాడు ఎదురింటివాడే. రోజూ పొద్దున ఆ చప్పుడు వినాలి.

వేదిక_నిర్వాహకుడు
రాజ్‌దూత్‌లకు వేరే చర్చ ఉంది.

సాగర్_ఎడమకాలువ
అక్కడ పెడితే యెజ్డీ వాళ్లు కొట్టుకు చంపుతున్నారు.

పాత_దస్త్రం
కలెక్టరేట్‌లో ఆయుధాల సీటులో పదకొండేళ్లు కూర్చుని రిటైరైన వాణ్ణి. తెలిసినంత చెబుతాను.

మొదటిది, దారి ఉంది. డీలర్‌కు అమ్మినా, డీలర్ ఇంకొకరికి అమ్మినా, ప్రతి చేతిమార్పూ రిజిస్టర్లో నంబరుతో సహా ఉంటుంది. కొన్న మనిషి లైసెన్స్ మీద కూడా అదే నంబరు ఎక్కుతుంది. అంటే అది గాలిలో కలిసిపోలేదు. ఎవరో ఒకరి బీరువాలో ఉంది.

రెండోది, కలెక్టరేట్‌కు వెళ్లి ఆ మనిషి పేరు అడగవద్దు. ఎవరి ఇంట్లో ఏ ఆయుధం ఉందో ఇంకొకరికి చెప్పరు, చెప్పకూడదు కూడా. డీలర్ దగ్గరికే వెళ్లి ఒక ఉత్తరం ఇవ్వండి. "మీ దగ్గర కొన్నవారికి ఇది అందజేయండి, ఇష్టమైతే వారే ఫోన్ చేస్తారు" అని. అది తప్పు కాదు.

మూడోది, అసలు చిక్కు. మీ లైసెన్స్ మీద ఇప్పుడు రెండున్నాయి. రెండు ఉండగా మూడోది ఎక్కదు. ఒకటి తీసేశాకే అది వస్తుంది.

నాలుగోది, మనిషి నుంచి మనిషికి నేరుగా అమ్మాలంటే ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం అమ్మేవాడు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా చెప్పాలి. కొనేవాడి పేరు, చిరునామాతో. ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. ఆలోపు చేతులు మారితే ఇద్దరికీ ఇబ్బందే.

కొల్లాపూర్_మామిడి
45 రోజులా! మా అక్క పెళ్లి నిశ్చయం అయి, పెళ్లి జరిగి, అలిగి పుట్టింటికి వచ్చేసింది అంతలో.

మిర్యాల_మిల్లు
పాత_దస్త్రం గారూ, 2016లో జిల్లాలు విడిపోయాయి కదా. కొన్నవారు సూర్యాపేట వైపో, భువనగిరి వైపో ఉంటే?

పాత_దస్త్రం
ఆ ఏడాది దసరాకే పది జిల్లాలు ముప్ఫై ఒకటి అయ్యాయి, మా గదిలో దస్త్రాలు మూటలు కట్టి మూడు జిల్లాలకు పంపాం. మీ మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది, ఆ గొడవ లేదు. కొన్నవారు వేరే జిల్లా అయితే రెండు చోట్లా కాగితాలు కదలాలి, అంతే. పోలీస్ కమిషనరేట్ ఉన్న చోట అయితే లైసెన్స్ ఇచ్చేది కలెక్టర్ కాదు, పోలీస్ కమిషనర్. మీ లైసెన్స్‌కు జాతీయ డేటాబేస్ నంబరు పడిందా, అది ముందు చూసుకోండి. అది లేని లైసెన్స్ చెల్లదు.

మిర్యాల_మిల్లు
పడింది. 2016లోనే చేయించాను.

గద్వాల_కోడలు
అందరూ తెచ్చుకోమనే చెబుతున్నారు. నేను వేరే మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

మా మామగారి రివాల్వర్ కూడా 2020లోనే వెళ్లిపోయింది. ఆయనకు మతిమరుపు మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం బీరువా తెరిచి, అది ఒడిలో పెట్టుకుని, మా పాపను పిలిచి "ఇది మీ తాతది" అని చూపిస్తున్నారు. ఆయనే తాత. లోపల తూటాలు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. గడప దగ్గర నిలబడి పాపను పేరు పెట్టి పిలిచాను, గొంతు మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. ఆ వారమే మా ఆయన పోలీస్ స్టేషన్‌లో అప్పగించి వచ్చారు. ఆ రాత్రి అయిదేళ్ల తర్వాత నిద్రపోయాను.

ఇనుప ముక్క కోసం బెంగపడేవాళ్లను చూస్తే జాలి వేస్తుంది. మీ నాన్నగారు ఆ ముక్కలో లేరు.

దేవరకొండ_ఖిల్లా
అక్కా, మీ మాట నిజమే గానీ అది తుపాకీ తప్పు కాదు, తాళం తప్పు.

గద్వాల_కోడలు
తాళం చెవి ఆయన మొలతాడుకే ఉండేది.

మాజీ_హవల్దార్
ఆమె చెప్పింది ఒక్క ముక్క కూడా కొట్టిపారేయకండి. ఇరవై రెండేళ్లు ఆయుధాలు తుడిచాను. ఇంట్లో ఆయుధం, తూటాలు ఒకే బీరువాలో పెట్టేవాడు నాకు తెలిసి తొంభై మందిలో ఎనభై మంది. మిల్లు తమ్ముడూ, తెచ్చుకుంటే తెచ్చుకో, ఆయుధం ఒక చోట, తూటాలు ఒక చోట, రెండు తాళాలు, రెండు చెవులు.

ఇంకొకటి. సుత్తి వదులైంది అన్నావు. అది సుత్తి కాకపోవచ్చు. ఆ రివాల్వర్లలో పిడి లోపల వంచిన పెద్ద స్ప్రింగ్ ఉంటుంది, అది అలసిపోయి ఉంటుంది. తిరిగి చేతికి వస్తే మొదట స్ప్రింగ్ చూపించు. నువ్వు విప్పకు. మంచి మిస్త్రీ చేత విప్పించు.

మిర్యాల_మిల్లు
అలాగే అన్నా. గద్వాల అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంట్లో పిల్లలు లేరు, నేనూ అమ్మా మాత్రమే. కానీ రెండో తాళం కొంటాను.

కొల్లాపూర్_మామిడి
నా లైసెన్స్ వచ్చి ఏడు నెలలైంది, ఇంకా ఏమీ కొనలేదు. మిల్లు అన్నా, ఆ కాన్పూర్‌ది నాకు ఇచ్చేయరాదూ?

వేదిక_నిర్వాహకుడు
కొల్లాపూర్_మామిడి రాసిన ధర తీసేశాను. ఈ వేదిక మీద ఆయుధాల బేరం లేదు. ఇంకోసారి రాస్తే సభ్యత్వం పోతుంది.

కొల్లాపూర్_మామిడి
మామిడి ధర రాశాననుకోండి.

వేదిక_నిర్వాహకుడు
మామిడి ఎండాకాలంలో రాయండి.

పిల్లలమర్రి_నీడ
అసలు ఆ రెండు .32ల మధ్య తేడా ఏముంది? నాకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పాలమూరు_బాటసారి
ఒకేలా కనిపించడంలో వింత లేదు. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ చేసే .32 రివాల్వర్ వెబ్లీ నమూనా మీద వచ్చిందే. రెండూ నడుము విరుచుకునే రకం. ఎడమ పక్క మీట బొటనవేలితో నొక్కితే గొట్టం ముందుకు వాలుతుంది, మధ్యలోంచి నక్షత్రం ఆకారపు ముక్క పైకి లేచి ఆరు ఖాళీ తూటాలనూ ఒక్కసారే ఎత్తేసి మళ్లీ టక్కున లోపలికి వెళుతుంది. చూడటానికి తల్లీ కూతుళ్లు. కాన్పూర్‌ది ఏడు అంగుళాల పొడవు, ఏడు వందల గ్రాముల బరువు, గొట్టం మూడు అంగుళాలు. తేడా పనితనంలో. పాతది మూసినప్పుడు వచ్చే చప్పుడు వేరు.

మిర్యాల_మిల్లు
చప్పుడు గుర్తుచేయకండి. నాన్న దసరాకు ముందు రోజు రాత్రి వరండాలో కూర్చుని తెరిచి మూసి చూసేవారు. పడక గదిలోకి వినిపించేది. రేపు పండగ అన్నట్టు.

బత్తాయి_తోట
అయితే ఏది వదులుతారు? డబుల్ బ్యారెలా, కాన్పూరా? నేనైతే డబుల్ బ్యారెల్ వదులుతాను. పొడుగుది, దాచడానికే చోటు చాలదు.

దేవరకొండ_ఖిల్లా
తాతది వదిలి నాన్నది తెచ్చుకుంటే ఇంకో పదేళ్లకు ఇంకో చర్చ పెట్టాలి: "తాత డబుల్ బ్యారెల్ అమ్మేసుకున్నాను."

సాగర్_ఎడమకాలువ
సొంతది వదలాలి, అందులో వాదన ఏముంది. ఎవరి వస్తువూ కానిది అదొక్కటే.

పాలమూరు_బాటసారి
"ఎవరి వస్తువూ కానిది" అంటే ఎలా? అది ఈయన సొంత కష్టార్జితం. నాన్నలదీ తాతలదీ పూజ చేసుకుంటూ మన కొనుగోళ్లకు మనమే విలువ ఇవ్వకపోతే రేపు మన పిల్లలు దేన్ని చూసి ఏడవాలి?

పిల్లలమర్రి_నీడ
మన మొబైల్ ఫోన్లను చూసి.

పాత_దస్త్రం
మూడో దారి ఒకటి చెబుతాను. తల్లిగారి పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టవచ్చు, ఆమెకూ రెండు దాకా హక్కు ఉంటుంది. కానీ ఆ వయసులో పోలీసు విచారణ, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీ వాడటంలో శిక్షణ అన్నీ పెట్టాలి. ఎన్ని నెలలు పడుతుందో నేను హామీ ఇవ్వలేను.

మిర్యాల_మిల్లు
అమ్మకు చెప్పాను. "నాకు బొట్టు పెట్టే పనే ఇష్టం, పట్టుకునే పని వద్దు" అంది.

కాన్పూర్‌దే వదులుతాను. నిర్ణయం అయిపోయింది. రేపు హైదరాబాద్ వెళుతున్నాను.

మిర్యాల_మిల్లు
వెళ్లాను. గన్ హౌస్ యజమాని మారలేదు, నన్ను గుర్తుపట్టాడు. ఎవరికి అమ్మాడో చెప్పనన్నాడు. ఉత్తరం అందజేయమన్నాను, "మాకు తపాలా పని లేదు" అన్నాడు. వచ్చేశాను.

దేవరకొండ_ఖిల్లా
నేను చెప్పలేదా, పాయసం.

పాత_దస్త్రం
మళ్లీ వెళ్లండి. మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లండి. యజమానితో కాదు, రిజిస్టర్ రాసే ముసలాయన ఉంటాడు, ఆయనతో మాట్లాడండి. ప్రతి షాపులోనూ ఒకరు ఉంటారు. డబ్బు ఇవ్వకండి. ఆయనకు మీ నాన్నగారి సంగతి చెప్పండి.

సాగర్_ఎడమకాలువ
బత్తాయిలు పట్టుకెళ్లండి. నల్లగొండ మనిషి ఖాళీ చేతులతో వెళ్లడమేమిటి.

బత్తాయి_తోట
నా తోటలోవి ఇస్తాను. దీనికి ధర రాయలేదు, నిర్వాహకుడు గారు గమనించగలరు.

మిర్యాల_మిల్లు
ఇంకోసారి వెళ్లాను. నిజంగానే ఒక ముసలాయన ఉన్నాడు, చెవిలో పెన్సిల్. బత్తాయిల సంచి కింద పెట్టాను. నాన్న పేరు చెప్పాను. రిజిస్టర్ తెరవకుండానే, "నల్ల పిడి, ఎడమ పక్క కింద చిన్న నొక్కు" అన్నాడు. అయిదేళ్ల కిందటి సరుకు! ఉత్తరం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. సంచి మాత్రం యజమాని తీసుకున్నాడు.

కొల్లాపూర్_మామిడి
ఈ చర్చ మా అమ్మకు చదివి వినిపిస్తున్నాను. రోజూ అడుగుతోంది.

మిర్యాల_మిల్లు
పంతొమ్మిది రోజుల తర్వాత ఈరోజు ఫోన్ వచ్చింది. వనపర్తి నుంచి. రిటైరైన లెక్చరర్. గొంతులో కాస్త కోపం కూడా ఉంది. "మీ ఉత్తరం చదివాను. అమ్మే ఉద్దేశం లేదు. చూసుకోవాలంటే ఆదివారం రండి" అన్నారు.

గద్వాల_కోడలు
వెళ్లి రండి. చూశాక బెంగ తీరిపోతుందేమో.

మిర్యాల_మిల్లు
ఆదివారం దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా బస్సులు మారుతూ వనపర్తి చేరేసరికి మధ్యాహ్నం అయింది.

ఆయన మజ్జిగ ఇచ్చి, లోపలికి వెళ్లి తెల్లటి పాత పంచె ముక్కలో చుట్టినది తెచ్చారు. బల్ల మీద పెట్టకముందే గోడ వైపు తిప్పి మీట నొక్కి తెరిచారు. ఆరు గదులూ ఖాళీ అని నాకు చూపించి, గొట్టంలోంచి కిటికీ వెలుతురు చూపించి, అప్పుడు నా చేతికిచ్చారు. అది చూసి మనిషి మీద గౌరవం కలిగింది.

కానీ ఆ రివాల్వర్ చూసి గుండె జారిపోయింది. నాన్న బొటనవేలు ఆనించే చోట గొట్టం మీద నలుపు పోయి తెల్లగా మెరిసేది. నాణెం అంత చోటు. ఇప్పుడు అది లేదు. ఆయన మొత్తం మెరుగు పెట్టించి, నలుపు మళ్లీ వేయించారు. కొత్త దానిలా నిగనిగలాడుతోంది. పిడి గళ్లలో ఎర్రగా కుంకుమ ఇరుక్కుని ఉండేది, దాన్ని కూడా సబ్బుతో కడిగించారట. "ఏదో మురికి పట్టి ఉండేది, శుభ్రం చేయించాను" అన్నారు. ఏమీ అనలేక మజ్జిగ తాగాను.

బస్సులో అంతా ఒకటే ఆలోచన. ఇది నాన్నదేనా?

పిల్లలమర్రి_నీడ
నంబరు అదే కదా. అదే.

పాలమూరు_బాటసారి
నంబరు ప్రభుత్వానికి. ఈయన వెతికింది నంబరు కోసం కాదు. పాత ఆయుధానికి మళ్లీ నలుపు వేయించడం అంటే ముసలాయన ముఖానికి రంగు వేయించడమే. వయసు పోదు, మనిషి పోతాడు. సేకరించేవాళ్లు అలాంటి వాటికి ధర తగ్గిస్తారు కూడా.

మాజీ_హవల్దార్
పాలమూరు సోదరా, నీ మాట అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకు. నలుపు పోయిన చోట తుప్పు పడుతుంది. ఆ లెక్చరర్ ఆయుధాన్ని బతికించాడు. వేలి గుర్తు అంటున్నారు, వాళ్ల నాన్నకు అది పట్టడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఈయన కూడా ముప్ఫై ఏళ్లు పట్టుకోమనండి, మళ్లీ వస్తుంది.

స్ప్రింగ్ సంగతి అడిగావా?

మిర్యాల_మిల్లు
అడగలేదు అన్నా. అప్పుడు ఆ ధ్యాస లేదు.

మాజీ_హవల్దార్
అది అడగకుండా మజ్జిగ తాగి వచ్చావు.

మిర్యాల_మిల్లు
మళ్లీ ఫోన్ వచ్చింది. లెక్చరర్ గారు డెబ్భై ఒకటి దాటారట. కొడుకులిద్దరూ బెంగళూరులో. వారసుడిగా ఎవరి పేరైనా పెట్టమని అడిగితే ఇద్దరూ వద్దన్నారట. "ఎవరికో పోయే కంటే నీకే ఇస్తాను, రెండు లక్షల అరవై వేలు" అన్నారు.

దేవరకొండ_ఖిల్లా
దోపిడీ! లక్షా ఇరవైకి పోయిన దానికి రెండు అరవయ్యా? మీ కళ్లలో నీళ్లు చూసి ధర పెట్టాడు.

బత్తాయి_తోట
ఆయన ఎంతకు కొన్నాడో అడగండి ముందు.

మిర్యాల_మిల్లు
అడిగాను. రసీదు ఫోటో పంపారు. గన్ హౌస్ ఆయనకు అమ్మింది రెండు లక్షల నలభైకి. మెరుగు పెట్టించడానికి పద్నాలుగు వేలు అయిందట. అంటే నా మీద ఆయన సంపాదించేది ఆరు వేలు.

దేవరకొండ_ఖిల్లా
లెక్చరర్ గారికి క్షమాపణ. పాయసం తిన్నవాడెవడో తెలిసింది.

సాగర్_ఎడమకాలువ
మెరుగు పెట్టించి మీ నాన్న గుర్తు చెరిపినందుకు మీ దగ్గరే పద్నాలుగు వేలు తీసుకుంటున్నారు. ఇదీ లెక్క.

మిర్యాల_మిల్లు
నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇస్తాను. లక్షా నలభై వేలు నా తొందరకు కట్టిన రుసుము అనుకుంటాను. కాన్పూర్‌ది గన్ హౌస్‌కే అమ్మాను, వేరే గన్ హౌస్ లెండి. లైసెన్స్ మీద గడి ఖాళీ అయింది. లెక్చరర్ గారు వనపర్తి కలెక్టరేట్‌లో నోటీసు ఇచ్చారు. ఈరోజు నుంచి 45 రోజులు.

పాత_దస్త్రం
నోటీసు ఇచ్చిన రసీదు మీద ముద్ర, తేదీ ఉన్నాయో లేదో చూడండి. దాని నకలు మీ దగ్గర కూడా ఉండాలి.

కొల్లాపూర్_మామిడి
ఈలోపు ఏ ఎన్నికలూ రాకుండా చూడు దేవుడా. ఎన్నికలొస్తే ఆయుధాలన్నీ స్టేషన్‌లో పెట్టమంటారు.

సాగర్_ఎడమకాలువ
మన ఉమ్మడి నల్లగొండకు ఆ భయం ఎక్కువే. 2019లో హుజూర్‌నగర్, 2021లో మా సాగర్, 2022లో మునుగోడు. ఉప ఎన్నికలు మన పంటల్లో ఒకటి.

బత్తాయి_తోట
మునుగోడు అప్పుడు నా తుపాకీ స్టేషన్‌లో పెట్టి తిరిగి తెచ్చుకుంటే, గొట్టంలో సాలీడు గూడు కట్టి ఉంది. ఓటు వేసినంత పని అయింది దాన్ని తీయడానికి.

మిర్యాల_మిల్లు
నలభై ఆరో రోజు వెళ్లి తెచ్చుకున్నాను. నా లైసెన్స్ మీద నంబరు ఎక్కింది. లెక్చరర్ గారు ఆ పంచె ముక్కతో సహా ఇచ్చారు. గేటు దాకా వచ్చి, "శుభ్రం చేయించకుండా ఉండాల్సింది" అన్నారు. నేను ఎక్కడా ఆ మాట ఎత్తలేదు. ఎలా తెలిసిందో.

పాలమూరు_బాటసారి
మీరు మజ్జిగ తాగిన తీరు చూసి ఉంటారు.

గద్వాల_కోడలు
రెండో తాళం కొన్నారా?

మిర్యాల_మిల్లు
కొన్నానక్కా. తూటాల పెట్టె చెవి అమ్మ దగ్గర, బీరువా చెవి నా దగ్గర.

మాజీ_హవల్దార్
స్ప్రింగ్ చూపించావా?

మిర్యాల_మిల్లు
ఈరోజు చూపించాను. మిస్త్రీ నా ఎదురుగానే పిడి మీది మర తీసి, రెండు నల్ల పలకలూ విప్పాడు. పలక లోపలి వైపు నూనె జిడ్డులో ఎర్రటి పొడి గడ్డకట్టి ఉంది. దసరా దసరాకు కొంచెం కొంచెం జారి లోపలికి చేరింది. సబ్బు అక్కడి దాకా వెళ్లలేదు. మిస్త్రీ బ్రష్ తీసుకున్నాడు. చేయి పట్టుకుని ఆపాను. "తుప్పా?" అన్నాడు. కాదన్నాను. పలకలు అలాగే బిగించమన్నాను.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. పండగ కాకపోయినా భరిణె తెచ్చింది.

మాజీ_హవల్దార్
సరే, సంతోషం. స్ప్రింగ్ ఎలా ఉంది?